మిడి కీబోర్డు కలిపే ముందు జాగ్రత్తలు

తిరుపతిలోని మా ఇంటి గదిలో అన్నమయ్య కీర్తన రికార్డు చేయడానికి కూర్చుంటే, ఇవన్నీ చూసుకున్నాకే మొదలుపెడతాను.

• మిడి కీబోర్డును (వాయించిన స్వరాల సమాచారాన్ని కంప్యూటర్‌కు పంపే కీబోర్డు) ముందు కంప్యూటర్‌కు కలిపి, ఆ తర్వాతే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరవండి. తర్వాత కలిపితే కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని గుర్తించవు.

• సస్టెయిన్ పెడల్ (నొక్కితే స్వరాన్ని సాగదీసే కాలి మీట) కలిపాకే కీబోర్డు ఆన్ చేయండి. అప్పుడు కాలు దాని మీద ఉండకూడదు. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పటి స్థితినే ‘వదిలిన పెడల్’ అనుకుంటాయి. ఒక సాయంత్రం నా కాలు అక్కడే ఉంది. నొక్కితే స్వరం తెగేది, వదిలితే సాగేది. గంటసేపు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను, పాపం.

• శబ్దం రాకపోతే స్పీకర్ల వైపు పరుగెత్తకండి. మిడిలో శబ్దం ఉండదు, ఏ మీటను ఎంత బలంగా నొక్కారన్న సమాచారమే వెళుతుంది. సాఫ్ట్‌వేర్ ట్రాకులో శబ్దమిచ్చే వాయిద్యం పెట్టారా, మిడిలోని 16 ఛానెళ్లలో సరైనదే ఎంచుకున్నారా చూడండి.

• గమకాలు పలికించాలంటే పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) పరిధి ముఖ్యం. సాధారణంగా అది రెండు అర్ధస్వరాలు. వాయిద్యంలో దాన్ని మార్చితే చక్రం తిప్పే చేతి కొలత కూడా మారుతుంది. కొత్త కొలతతో ఒకసారి సాధన చేయకుండా రికార్డు నొక్కవద్దు.

• సొంత శబ్దమున్న కీబోర్డయితే లోకల్ కంట్రోల్ (మీట నొక్కగానే కీబోర్డు తన శబ్దాన్ని తానే పలికించే అమరిక) ఆపండి, లేకపోతే ప్రతి స్వరం రెండుసార్లు మోగుతుంది.

• సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి సిద్ధం చేసే శబ్దపు ముక్క) 128 శాంపిళ్లు పెట్టండి. చిటపటలు వస్తే పెంచండి.