చేతి మిషన్లు – 5వ పాఠం: పేరు అదే, మిషను అదేనా?

పోయిన పాఠంలో నేమ్‌ప్లేటు (మిషను ఒంటి మీద పేరు, మోడల్ రాసి ఉండే పట్టీ) చదవమని చెప్పి వదిలేశాను. అక్కడే తప్పు చేశాను. చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టే కుర్రాడొకడు కొత్త గ్రైండర్ సంచిలో వేసుకుని ఒంగోలు దాకా వచ్చేశాడు. "ఏందన్నా, హిటాచీ అడిగితే హైకోకి అంట, ఇది అంటగట్టాడు. డూప్లికేటేనా?"

కాదు నాయనా. హిటాచీ కోకి కంపెనీని 2017లో కేకేఆర్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ కొనేసింది. 2018లో ఆ మిషన్ల పేరు హైకోకి అయింది. స్టిక్కర్ మారిన రోజే లోపల ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) మారిపోదు. లోపలిది మారాలంటే పేరు మారక్కర్లేదు కూడా. గేరు గ్రీజు పాఠం వచ్చేసారి చెప్తాను, ముందు ఇది తేల్చుకుందాం.

పేరు, యజమాని, ఫ్యాక్టరీ, మోడల్: ఈ నాలుగూ దేనికదే మారతాయి. డీవాల్ట్ అనే మిషన్ల కంపెనీ 1960 నుంచే బ్లాక్ అండ్ డెక్కర్ అనే ఇంకో మిషన్ల కంపెనీ సొంతం. అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ అంటే ఇంటి వాడకం సరుకన్న ముద్ర పడి పనివాళ్లు మొహం తిప్పుకుంటే, 1992లో ఆ కంపెనీయే పసుపు రంగేసి డీవాల్ట్ పేరుతో మళ్లీ దిగింది. చేతులు మారితే చెడిపోవాలనీ లేదు: మిల్వాకీ అనే అమెరికా మిషన్ల కంపెనీ 2005లో టీటీఐ అనే హాంకాంగ్ కంపెనీ చేతికి పోయింది, బ్యాటరీ మిషన్లలో ఆ తర్వాతే పెద్ద పేరు తెచ్చుకుంది. బాష్‌లో ఆకుపచ్చవి ఇంటికి, నీలంవి పనికి. పచ్చది కొని నీలందానితో పోల్చి తిట్టకండి.

ఇక నాకు ఒళ్లు మండే మాట: "మా నాయన గ్రైండర్ ఇరవై ఏళ్లు ఆడింది, ఇప్పటివన్నీ చెత్త." నేనూ ఒకప్పుడు ఒకే కంపెనీవి మూడు కొన్నాను. రెండు కాలిపోయి పాత ఇనుప సామాన్లవాడికి కిలోల లెక్కన పోయాయి. మూడోది ఇంకా బల్ల మీద ఉంది. చూసినవాళ్లంతా "ఆ రోజుల్లో సరుకే వేరు" అంటారు. పోయిన రెండింటి ఊసు ఎవరెత్తుతారు?

పైగా నాయన కోసింది కిటికీ ఊచలు, కొడుకు అరగదీసేది గ్రానైట్. రాతి పొడి గాలితోపాటు లోపలికి పోయి కాయిల్ (మోటారులో రాగి తీగ చుట్ట) మీది వార్నిష్ పూతని గీకేస్తుంది, బేరింగ్‌ని తినేస్తుంది. ఆ కుర్రాడి పాత మిషను విప్పితే ఫీల్డ్ కాయిల్ (మోటారులో తిరగకుండా ఉండే చుట్ట) సందుల్లో బూడిదరంగు ముద్ద గట్టిగా పేరుకుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులుగా ఊడింది. కింద వార్నిష్ పోయి రాగి తీగ మెరుస్తోంది. దీనికి కంపెనీని ఏమని తిడతాం? అదే మోడల్, అదే పని, కొన్న ఏడాది మాత్రమే వేరు: అప్పుడే పోల్చండి.

నేనైతే ముందు వైరు పట్టుకుని వంచుతాను. మెత్తటి రబ్బరు వైరు పోయి బిరుసు ప్లాస్టిక్ వైరు వచ్చిందంటే, లోపల కూడా ఎక్కడో రూపాయి మిగిల్చారని నా అనుమానం. ఇది రుజువు కాదు, నా అలవాటు. తర్వాత గేర్ హెడ్ (గేర్లుండే ముందు డబ్బా) అల్యూమినియమా కాదా, ఇరుసుకి బాల్ బేరింగా ఉత్త బుష్షా (గుండ్లు లేని గొట్టం ముక్క) చూస్తాను. మన ఊళ్లో కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే, అరిగిపోయే ముక్కలు) దొరకని మిషను ఎంత గొప్పదైనా నాకొద్దు.

అభ్యాసం: ఒకే మోడల్‌వి, వేరే ఏళ్లలో కొన్నవి రెండు సంపాదించండి. ప్లగ్ పీకి, విప్పి, బేరింగ్ మీది నంబర్లు రాసుకోండి. ఆర్నెల్లపాటు ఏది ఏం కోసిందో, కార్బన్లు ఏ తేదీన మార్చారో గోడ మీది క్యాలెండర్‌లోనే రాయండి. రెండో మిషను ఎక్కడ దొరుకుతుందని నన్నడక్కండి, పక్క షెడ్డులో అడగండి.