వీసా ఫైల్ మీద సంతకం పెట్టేముందు

వీసా సీజన్ దగ్గరపడితే హైదరాబాద్‌లో నకిలీ సర్టిఫికెట్ల ముఠా దొరికిందన్న వార్త కొత్తేమీ కాదు. ముఠాను తిట్టుకుని పేజీ తిప్పేస్తాం. వాళ్ల ఫోన్లలో కాగితాలు కొన్నవాళ్ల పేర్లు కూడా ఉంటాయి.

దొంగ మెమో కొనొద్దని మీకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఇది ఏమీ కొననివాళ్ల కోసం. నేను చూసినంతలో పిల్లల్ని ముంచేది ఒకటే: ఫైల్ మొత్తం విదేశీ చదువుల కన్సల్టెన్సీ చేతిలో పెట్టి, లోపల ఏముందో చదవకుండా సంతకం చేయడం. "అన్నీ మేమే చూసుకుంటాం, టెన్షన్ పడకండి అంకుల్" అనగానే తండ్రులు కూడా పెన్ను తీసేస్తారు.

చట్టం ఏమంటుంది

2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. మోసం కోసం ఫోర్జరీ చేస్తే దాని సెక్షన్ 336(3) కింద ఏడేళ్ల వరకు జైలు. ఎఫ్‌డీ రసీదులాంటి విలువైన పత్రమైతే 338 కింద పదేళ్ల దాకా, లేదంటే యావజ్జీవం. అసలు భయపడాల్సింది 340కి. నకిలీదని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి కూడా అసలుదిగా వాడితే, తయారుచేసినవాడికి పడే శిక్షే మీకూ పడుతుంది. మీ ఖాతాలో రెండు లక్షలుంటే ఫైల్‌లో నలభై లక్షలు కనిపిస్తోంది. ఇంతకన్నా కారణం ఏం కావాలి?

అక్కడి దేశాలు

అబద్ధంతో వీసా అడిగినట్టు తేలితే కెనడా అయిదేళ్లు, బ్రిటన్ పదేళ్లు తలుపు మూస్తాయి. అమెరికా నిషేధం జీవితాంతం ఉంటుంది, మినహాయింపు కోసం అడుక్కోవాల్సిందే. 2023లో కెనడాలో పంజాబ్ విద్యార్థుల గొడవ గుర్తుందిగా? ఏజెంటు ఇచ్చిన అడ్మిషన్ లెటర్ దొంగదని చాలామందికి పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చేశాకే తెలిసింది. మోసపోయామని ఎవరికి వారు నిరూపించుకోవాల్సి వచ్చింది.

అందుకే మళ్లీ చెబుతున్నా, ఫైల్ చదవండి. పంపకముందే ప్రతి పేజీ మీ మెయిల్‌కు తెప్పించుకోండి. అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో సబ్మిట్ నొక్కేది మీరే కావాలి. సీఏ ఇచ్చిన నెట్‌వర్త్ సర్టిఫికెట్ మీద అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ అనే గుర్తింపు నంబర్ ఉండాలి, దాన్ని సీఏల సంస్థ ఐసీఏఐ పోర్టల్‌లో కొట్టి చూడండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ వరస కూడి చూడండి, ఎడిట్ చేసినవాడు ఒక అంకె మార్చి కింది వరసలు మర్చిపోతుంటాడు. బ్యాంకు లెటర్ అసలుదో కాదో తెలుసుకోవడానికి లెటర్‌హెడ్ మీద నంబర్‌కు ఫోన్ చేయడం కాదు, మీ బ్రాంచికే వెళ్లి అడగండి. మీ ప్రొఫెసర్ పేరుతో కన్సల్టెన్సీవాళ్లే జీమెయిల్ తెరిచి ఎల్‌వోఆర్ (సిఫార్సు లేఖ) పంపుతామంటే ఒప్పుకోకండి. బ్యాక్‌లాగ్స్ ఉంటే ఉన్నాయనే రాయండి. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. ఒరిజినల్స్ అక్కడ వదలొద్దు. ఆధార్‌లో పుట్టినతేదీ "సెట్ చేస్తాం" అంటే లేచి వచ్చేయండి, ఆధార్ ఫోర్జరీకి 337 కింద ఏడేళ్లు. అన్నయ్య ఫ్రెండ్ ఆఫీసే అయినా సరే, చదవకుండా సంతకం పెట్టొద్దు.

తప్పుడు కాగితం ఇప్పటికే వెళ్లిపోయిందా? ఇంటర్వ్యూలో దాన్ని సమర్థించుకోకండి. ముందు లాయర్‌ను కలవండి. కన్సల్టెన్సీతో చేసిన వాట్సాప్ చాట్, కట్టిన ఫీజు రసీదులు ఒక్కటీ డిలీట్ చేయొద్దు. మీరు చేయించలేదని చూపించడానికి మీ దగ్గర మిగిలేవి అవే.