ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద సీఫుడ్ రెస్టారెంట్‌కి వెళ్తే ముందు చేపను చూపించమనండి

బరంపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి వెళ్తే, వాళ్ళు ప్రేమగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏదో పెద్ద సీఫుడ్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తారు, అక్కడి హంగూ, మెనూలో ఇంగ్లీషు పేర్లూ చూసి మనవాళ్ళు నోరు విప్పరు. అలా ఉండిపోకండి. గోపాల్‌పూర్ ఒడ్డున తెల్లారే బేరమాడి చేపలు కొన్న చెయ్యి మీది.

శని, ఆదివారాలైతే టేబుల్ ముందే బుక్ చేయించండి.

మెనూలో ధర ఉండాల్సిన చోట ‘ఏపీఎస్’ అని ఉంటే సైజును బట్టి రేటు అని అర్థం. టెన్షన్ అంతా అక్కడే. నిరుడు మా అబ్బాయి ఒకచోట పండుగప్ప చెప్పాడు, బరువు అడగలేదు, తీరా బిల్లులో కేజీన్నర వేశారు, వాడి ముఖం చూశాక నాకు తిన్నది ఒంటబట్టలేదు. అందుకే వండకముందే ట్రేలో పెట్టి తెమ్మనండి, మీ ఎదుటే తూచమనండి, మొత్తం ఎంతవుతుందో చెప్పించుకోండి. మంచి చోట దీనికి ఎవరూ ముఖం మాడ్చుకోరు.

చేపకి కన్ను తేటగా, మొప్ప ఎర్రగా ఉండాలి, అది మీకు నేను చెప్పక్కర్లేదు. పీతైతే తిరగేసి, కాళ్ళ మొదట్లో బొటనవేలితో నొక్కండి. లోపలికి దిగిందంటే డొల్ల, ఈమధ్యే పెంకు మార్చుకున్నది, నీళ్ళే తప్ప కండ ఉండదు. పొట్ట మీది మూత సన్నగా కోసుగా ఉంటే మగది, డెక్కల్లో కండ బాగుంటుంది. గుడ్డు ఇష్టమైతే మూత వెడల్పుగా ఉన్న ఆడపీతను అడగండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో చందువ, వంజరం అంటే ఎక్కడిదో, ఎన్నాళ్ళ ఐసులో ఉందో కచ్చితంగా అడగాలి, చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకైతే ఆ బాధ లేదు.

తాజా చేప దొరికితే మాత్రం మసాలా దట్టించొద్దనండి, ఉప్పు, పసుపు, మిరియాలతో పెనం మీద కాల్చమంటే చాలు, ఆ తీపి పోకూడదు. పీతను చేత్తోనే తినండి, డెక్క పగలగొట్టడానికి పట్టకారు ఇస్తారు, చివర్లో వచ్చే నిమ్మచెక్క వేసిన గోరువెచ్చని నీళ్ళు చేతులు కడుక్కోడానికే.

బిల్లులో సర్వీస్ ఛార్జీ వేస్తే తీసేయమనొచ్చు, అది కట్టి తీరాలని లేదు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. వడ్డన నచ్చితే ఆ డబ్బు వడ్డించిన అబ్బాయి చేతిలోనే పెట్టండి.