పాత పికప్‌ను ఇంటి దగ్గరే బాగుచేసి ఎత్తు పెంచడం ఎలా?

ములుగు, నర్సంపేట, భూపాలపల్లి వైపు ఏ ఊరికి వెళ్లినా చింతచెట్టు కిందో, కొట్టం పక్కనో ఆగిపోయిన పాత పికప్ ఒకటి కనిపిస్తుంది. చాలావరకు మహీంద్రావే. ఏపీ 36 నంబరు, వంగిన బంపరు, ఏళ్ల తరబడి పత్తి బోరాలు, యూరియా బస్తాలు మోసి వెనక్కి కుంగిన తొట్టి. అలాంటి బండిని కొని బాగుచేసుకుని, చెలకలకూ వాగు దారులకూ తిప్పుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. మంచి ఆలోచన. కాకపోతే అందరూ మొదట అడిగేది 'ఎన్ని అంగుళాలు లేపొచ్చు?' అనే. ఆ ప్రశ్న చివర్లో రావాలి. పాత పికప్ ఎత్తు తగ్గింది దాని కమాన్లు (బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల కట్టలు) కుంగిపోవడం వల్లే. పోయిన ఎత్తును ముందు వెనక్కి తెచ్చుకుంటే, కొత్తగా పెంచాల్సింది పెద్దగా మిగలదు.

కొనే ముందు

ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద కొట్టిన నంబరుపై మట్టి తుడిచి, ఆర్సీలోని నంబరుతో ఒక్కో అక్షరం పోల్చి చూడండి. ఇంజన్ నంబరు కూడా అంతే. ఫైనాన్స్ క్లియర్ అయిందా, పన్ను బకాయి ఎంత ఉంది, ఫిట్‌నెస్ ఎప్పుడు అయిపోయింది అన్నవి అడ్వాన్సు ఇవ్వకముందే తెలుసుకోవాలి. పసుపు బోర్డు ఉన్న గూడ్స్ బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. సొంత వాడకం బండికి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. ఏళ్ల తరబడి మూలనపడ్డ బండికి ఈ బకాయిలే ఒక్కోసారి బండి ధరను మించిపోతాయి.

ఫోర్ బై ఫోర్ (ఇంజన్ నాలుగు చక్రాలనూ తిప్పే బండి) అని చెప్పి అమ్మితే మాట నమ్మొద్దు, కిందికి వంగి చూడండి. ముందు యాక్సిల్ (ఇరుసు) మీద కూడా డిఫరెన్షియల్ గుండు (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లున్న ఉబ్బెత్తు పెట్టె) ఉండాలి, దానికి గేర్‌బాక్స్ వైపు నుంచి షాఫ్టు రావాలి. లివర్ వేసి మట్టి నేల మీద నడిపి చూడండి. పాతకాలం ఫోర్ బై ఫోర్‌ను తారు రోడ్డు మీద లాక్ చేసి తిప్పితే లోపలి గేర్లు, షాఫ్టులు బిగుసుకుని దెబ్బతింటాయి.

ఇక ఛాసిస్. దీని దగ్గర తొందరపడొద్దు. పైన కొత్త పెయింటు వేసి మెరిపించిన బండ్లలో పైన పటారం, లోన లొటారం అన్నవే ఎక్కువ. ఒక చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా జానెడు దూరానికోసారి మెల్లగా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్నచోట చప్పుడు చచ్చిపోతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కండి. పొరలు రాలినా, మొన దిగినా ఆ ముక్కను కోసి కొత్త ప్లేటు వెల్డింగ్ చేయాల్సిందే. కమాన్లు ఛాసిస్‌కు తగిలే హ్యాంగర్ల చుట్టూ, డీజిల్ ట్యాంకు మీద, వెనక చక్రాల పై భాగంలో ముఖ్యంగా చూడండి. మన రేగడి మట్టి ఆ సందుల్లో ఇరుక్కుని నెలల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. ఎరువులు మోసిన బండైతే తొట్టి కింద మరీ జాగ్రత్త. ఎరువుల్లోని లవణాలు తేమను లాగి ఇనుమును వేగంగా తినేస్తాయి. హ్యాంగర్లున్నచోటే ఛాసిస్ కుళ్లిపోయి ఉంటే ఆ బండి వదిలేయండి. ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

పని చోటు

సమంగా ఉన్న గట్టి నేల కావాలి. సిమెంటు గచ్చు అయితే మేలు. జాకీ బండిని లేపడానికే తప్ప నిలబెట్టడానికి కాదు. లేపగానే ఛాసిస్ కింద బరువుకు తగ్గ ఇనుప స్టాండ్లు పెట్టి, దింపి, ఒకసారి చేతులతో ఊపి చూశాకే కిందికి దూరండి. ఇటుకలు, బండరాళ్లు, మొద్దులు వద్దు. సిమెంటు ఇటుక ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగులుతుంది. లేపని చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. కింద పని చేస్తున్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి.

విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫోన్‌లో ఫొటో తీయండి. బోల్టులను ఒక్కో కవర్లో వేసి ఎక్కడివో రాసిపెట్టండి. జంగు పట్టిన బోల్టుల మీద తుప్పు వదిలించే ఆయిల్ ముందు రోజు రాత్రే కొట్టి వదిలేస్తే, తెల్లారి పానా వేసినప్పుడు సగం గొడవ తీరిపోతుంది.

ముందు నడవాలి, ఆగాలి

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పను, డీజిల్ మేస్త్రీలు మన దగ్గర ఊరికొకరున్నారు. చాలాకాలం ఆగిన బండైతే ట్యాంకు దించి కడిగి, డీజిల్ ఫిల్టరు, ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చి, పంపు దగ్గర గాలి తీసి స్టార్ట్ చేయండి. నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి, ఆ తర్వాత ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు లోపలికి వస్తున్నాయేమో చూపించాలి. రేడియేటర్ తప్పకుండా కడిగించండి. రామగుండం, మంచిర్యాల ఎండల్లో పాత డీజిల్ ఇంజన్‌కు అదే ప్రాణం.

బ్రేకులను మాత్రం ఎవరికో వదిలేయకుండా దగ్గరుండి చేయించండి. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు, లైనర్లు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి. ఇనుప బ్రేకు పైపుల మీద గుంటలు పడి ఉంటే అవీ మార్చాలి. బ్రేకు పని పూర్తికాకుండా ఎత్తు పని మొదలుపెట్టొద్దు.

తుప్పు, రంగు

తొట్టి విప్పి పక్కన పెట్టగలిగితే ఛాసిస్ పని బాగా కుదురుతుంది. నలుగురు మనుషుల సాయముంటే చాలు. గ్రైండర్‌కు వైరు బ్రష్ తగిలించి ఇనుము తెల్లగా కనిపించేదాకా గీకాలి. కళ్లజోడు, మాస్కు లేకుండా గ్రైండర్ పట్టొద్దు. బ్రష్ నుంచి ఊడే తీగలు సూదుల్లా ఎగురుతాయి. బ్రష్ అందని సందుల్లో తుప్పును గట్టిపరిచే ద్రావణం పూసి, ఆరాక ప్రైమర్ కొట్టండి. గీకిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే మళ్లీ తుప్పు మొదలవుతుంది కాబట్టి ఆ రోజు గీకిన భాగానికి ఆ రోజే ప్రైమర్ పడాలి. రెడాక్సైడ్ చవక, ఎపాక్సీ ప్రైమర్ ఖరీదు. ఛాసిస్‌కు ఖరీదైనదే వాడమంటాను. రంగు పనిని వానాకాలంలో పెట్టుకోవద్దు. దీపావళి దాటాక మొదలుపెడితే ఎండాకాలం దాకా పొడి వాతావరణం దొరుకుతుంది.

వెల్డింగ్ ఉంటే బ్యాటరీ తీగలు రెండూ విప్పి, డీజిల్ ట్యాంకు దింపి దూరంగా పెట్టాకే పెట్టించండి. రేకు పని టింకరింగ్ మేస్త్రీకి అప్పగించడమే మంచిది, ఆ చేతి నేర్పు ఏళ్ల మీద వస్తుంది.

కమాన్లు: పోయిన ఎత్తు ఇక్కడుంది

బండి సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. నాలుగు చక్రాలకూ కొలిచి గోడ మీద రాసిపెట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి లెక్క మారుతుంది, చక్రం మధ్య నుంచి కొలిస్తే మారదు. కుడికీ ఎడమకూ తేడా కనిపిస్తే తక్కువ ఉన్న పక్క కమాన్ కుంగిందనో, పట్టీ విరిగిందనో అర్థం. ఖాళీ బండిలో వెనక కమాన్ ఇంకా విల్లులా వంగి ఉండాలి. తిన్నగా అయిపోయిందంటే దాని పని అయిపోయినట్టే.

కమాన్ కట్ట విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. సెంటర్ బోల్టు తీసే ముందు కట్టను రెండు వైపులా సీ క్లాంపులతో బిగించండి. పట్టీలు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి, బోల్టు ఊడగానే ఎగిరి ముఖానికి కొట్టగలవు. విప్పాక పట్టీలన్నీ కడిగి, సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ చూడండి. వెంట్రుకలా సన్నని పగులు ఎక్కువగా అక్కడే పుడుతుంది. పగిలిన పట్టీకి వెల్డింగ్ పెట్టొద్దు. స్ప్రింగు ఉక్కు వెల్డింగ్ వేడికి గుణం మారిపోయి, పక్కనే మళ్లీ విరుగుతుంది.

వరంగల్‌లోనైనా కరీంనగర్‌లోనైనా లారీల కమాన్లు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే పట్టీలను మళ్లీ వంచి ఇస్తారు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచి అలాగే చల్లారబెడితే ఆ కమాన్ కొద్దిరోజులకే మళ్లీ కుంగుతుంది. చల్లగా ఉండగానే సుత్తితోనో ప్రెస్సుతోనో వంచేవాళ్లను, లేదా కాల్చాక ఉక్కును మళ్లీ పద్ధతిగా గట్టిపరిచేవాళ్లను వెతుక్కోండి. డబ్బు ఉంటే పెద్ద పట్టీ కొత్తది వేయించండి. బుష్‌లు, షాకిల్ (కమాన్ చివరను ఛాసిస్‌కు కలిపే, ఊగే లింకు) పిన్నులు, కమాన్‌ను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు ఎటూ కొత్తవే. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ సరిగ్గా పట్టదు.

బిగించేటప్పుడు రబ్బరు బుష్‌లున్న షాకిల్ బోల్టులను బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించొద్దు. చక్రాలు నేల మీదికి వచ్చి బరువు కమాన్ల మీద పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. ఇప్పుడు మళ్లీ కొలవండి. బాగా కుంగిన బండి అయితే తేడా టేపు అక్కర్లేకుండానే కంటికి తెలుస్తుంది.

ఇంకా ఎత్తు కావాలంటే

ముందు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. కుంగిన కమాన్‌ను అసలు వంపుకు తేవడం మరమ్మతు, దాంతో పేచీ లేదు. అంతకు మించితే రోడ్డు మీద పోలీసులకు, ఫిట్‌నెస్‌లో ఆర్టీఏకు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి సమాధానం చెప్పాల్సి వస్తుంది. అందుకే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగాకే చేయండి. బండి ముందు తగిలించే ఇనుప బుల్ బార్లు 2017 డిసెంబరు నుంచే నిషేధం.

లిఫ్ట్ చేస్తే బాడీ, ఛాసిస్ లేస్తాయి కానీ డిఫరెన్షియల్ లేవదు. అది యాక్సిల్‌తో పాటే ఉంటుంది. బండరాయికి ముందు తగిలేది అదే. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ వ్యాసం పెరిగినదాంట్లో సగమే. 215/75 ఆర్ 15 టైరు వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు, 235/75 ఆర్ 15 ది 733. తేడా 30, కింద పెరిగేది 15 మిల్లీమీటర్లు. మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 62కు పైగా పోతుంటుంది.

నా మాటైతే రెండు అంగుళాలు దాటొద్దు. కమాన్ కట్టలో ఒక పట్టీ కలపడం అన్నిటికంటే నమ్మకమైన దారి. షాకిల్ పొడవు పెంచితే పెంచినదాంట్లో సగమే ఎత్తు వస్తుంది. అంటే 2 అంగుళాల పొడవుకు 1 అంగుళం. పైగా ముందు యాక్సిల్ వాలు మారి స్టీరింగ్ అటూ ఇటూ పోతుంది, దాన్ని ఏటవాలు ముక్కలు పెట్టి సరిచేయాలి. యాక్సిల్‌కూ కమాన్‌కూ మధ్య దిమ్మె పెట్టేవాళ్లు ముందు కిందికి వంగి కమాన్ యాక్సిల్ పైన ఉందో కింద ఉందో చూడాలి. పాత జీపు తరహా బండ్లలో కమాన్ యాక్సిల్ కింద ఉంటుంది, దానికి దిమ్మె పెడితే బండి లేవదు, దిగుతుంది. పైన ఉన్నా దిమ్మె వెనక యాక్సిల్‌కే, అదీ ఒక్కటే, దిమ్మె మీద దిమ్మె కాదు. ముందు యాక్సిల్‌కు అసలు వద్దు.

లేపాక యాక్సిల్‌ను కిందికి పూర్తిగా వేలాడనిచ్చి చూడండి. బ్రేకు హోసు తీగలా బిగిసి ఉంటే పొడవైనది వేయాలి. ముందు చక్రాలను రెండు వైపులా చివరిదాకా తిప్పి కూడా చూడాలి. షాక్ అబ్జార్బర్లు పొడవు చాలక కమాన్ కంటే ముందే ఆగిపోతుంటే అవీ మార్చాలి. గేర్‌బాక్స్ నుంచి యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల (మడత కీళ్ల) దగ్గర కోణం పెరిగితే 40, 50 వేగంలో బండి వణుకుతుంది. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి: కొన్ని పికప్పుల్లో బరువును బట్టి వెనక బ్రేకు ప్రెషర్ మార్చే వాల్వు ఛాసిస్ మీద ఉంటుంది, దాని కడ్డీ యాక్సిల్‌కు తగిలి ఉంటుంది. బండిని లేపితే ఆ వాల్వు తొట్టి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. నిండా లోడుతో ఉన్నప్పుడు అది ప్రాణం మీదికి వస్తుంది. కడ్డీని కొత్త ఎత్తుకు సర్దించండి.

మొదటి తిరుగుడు

ఖాళీ చెలకలో మెల్లగా మొదలుపెట్టండి. 100 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించాలి, 500 దగ్గర ఇంకోసారి. అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దిశ సరిచేయించండి. ఎత్తు పెరిగిన బండి మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి పాత వేగంతో తిప్పొద్దు. ఏటూరునాగారం అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా దారి వదిలి పోవడం నేరం.

ఎత్తు పెంచిన బండి వరదను దాటించదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది. పారే నీటిలోకి ఏ బండీ దించొద్దు. నీళ్లు నిలకడగా ఉండి, లోతు తెలిసిన వాగు దాటేవాళ్లు డిఫరెన్షియల్ బ్రీదర్‌కు (గాలి ఆడే చిన్న రంధ్రానికి) రబ్బరు పైపు తగిలించి ఛాసిస్ పైదాకా లాక్కోవాలి. వేడి మీదున్న హౌసింగ్ చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని ఆ రంధ్రంలోంచి నీళ్లు పీలుస్తుంది. దాటిన మర్నాడు డిఫరెన్షియల్ బోల్టు విప్పి ఆయిల్ చూడండి. పాలలా తెల్లబడి ఉంటే అందులో నీళ్లు చేరాయి, బండి కదపకుండా అక్కడే ఆయిల్ మార్చేయండి.