నిర్ణీత సంఖ్యలో అక్షరాలున్న ఇంగ్లిషు పదాలను వెతకడం ఎలా?

ఐదక్షరాల ఇంగ్లిషు పదం కావాలి, అందులో జి, హెచ్, టి తప్పక ఉండాలి అనగానే తెలుగువారిలో చాలామంది ఆ ధ్వనులు వినిపించే మాటల కోసం మనసులో వెతుకుతారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. తెలుగులో రాసినదంతా పలుకుతాము కాబట్టి చెవిని నమ్మడం మనకు అలవాటు. ఇంగ్లిషులో ఆ నమ్మకం పనికిరాదు. ‘త్రూ’ మనకు ఒక్క అక్షరమే అయినా, దాని ఇంగ్లిషు స్పెల్లింగులో ఏడు అక్షరాలున్నాయి. ‘లైట్’లో జి గాని, హెచ్ గాని వినిపించవు, కాని రెండూ ఉన్నాయి. అందుచేత ఈ వెతుకులాటను చెవితో కాక కంటితో, అంటే కాగితం మీద గళ్ళు గీసుకొని చేయడం మేలు.

గళ్ళు గీయడానికి ముందు అడిగినది ఏమిటో తేల్చుకోవాలి. ఇచ్చిన అక్షరాలు పదంలో ఎక్కడైనా ఉంటే చాలునా, ఫలానా స్థానంలోనే ఉండాలా, లేక ఇచ్చిన అక్షరాలు తప్ప మరేవీ వాడకూడదా? మొదటిది, ఐదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాలలో ఊహించే వర్డిల్ ఆటలో పసుపు గడి లాంటిది, రెండవది ఆకుపచ్చ గడి లాంటిది, మూడవది స్క్రాబుల్ ఆటగాడి ముందున్న అక్షరాల పలకల లాంటిది. ఈ మూడింటినీ కలగాపులగం చేసి వెతికితే దొరికిన పదం కూడా చేజారుతుంది. ఒకే అక్షరం రెండుసార్లు రావచ్చునా అన్నది కూడా ఇక్కడే తేలాలి. ఈ సంగతి మరచిపోయి అక్షరాలు జోడీగా ఉన్న పదాలను వదిలేసేవారే ఎక్కువ.

తరువాత, ఇచ్చిన అక్షరాలలో అరుదైన దానిని ముందు పట్టుకోవాలి. ఇ, ఎ, టి వంటివి ఎక్కడైనా ఇమిడిపోతాయి కనుక వాటితో మొదలుపెడితే దారి ఇరుకు కాదు. క్యూ ఉంటే దాని పక్కన యు ఉందనుకొని సాగవచ్చు. స్క్రాబుల్‌లో చెల్లే ‘చీ’ వంటి అరువు మాటలు దీనికి మినహాయింపు, దానిని క్యూ, ఐ అన్న రెండక్షరాలతోనే రాస్తారు. జె, వి చివర రావడం చాలా అరుదు; చివర వి ధ్వని వినిపిస్తే దాని వెనుక సాధారణంగా ఒక ఇ ఉంటుంది. అచ్చులేవీ సరిపోవడం లేదనిపిస్తే వైని అచ్చుగా పెట్టి చూడాలి; ‘రిథమ్’ అన్న ఆరక్షరాల పదం అలాగే నిలబడింది.

ఇప్పుడు మొదటి ఉదాహరణకు వద్దాము. జి, హెచ్, టిలలో ముందు హెచ్‌ను తీసుకోవాలి, ఎందుకంటే అది ఒంటరిగా తిరగడం తక్కువ. ఏదో ఒక హల్లును ఆనుకొని ఉంటుంది. మన చేతిలో ఉన్నవాటిలో దానికి రెండు జతలు కుదురుతాయి: టి తరువాత హెచ్, జి తరువాత హెచ్. మొదటి జతను ముందు గళ్ళలో పెడితే ‘థింగ్’, ‘థాంగ్’ వస్తాయి. చివరి గళ్ళలో పెడితే చుట్టుకొలత అనే అర్థమున్న ‘గర్త్’ వస్తుంది. రెండవ జతను మొదట పెడితే ‘ఘోస్ట్’, చివర పెడితే ‘టఫ్’. ‘టఫ్’ అనే మాటలో జి, హెచ్ కలిసి ఫ ధ్వని ఇస్తాయి కాబట్టి చెవితో వెతికేవారికి అది ఎన్నటికీ తట్టదు. ఇక జి, హెచ్, టి మూడూ వరుసగా చివర కూర్చుంటే అసలు నిధి బయటపడుతుంది: ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, వీటికి తోడు ఓ, యు లేదా ఎ, యులతో మొదలై ‘ఆట్’ అని పలికే మాటలు.

జోష్ వార్డిల్ రూపొందించి 2021లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన వర్డిల్ ఆటలో ఇదే గుంపు ఆటగాళ్ళను ముంచుతుంది. చివరి నాలుగు గళ్ళు ఆకుపచ్చగా మారాక ఒక్కొక్క మొదటి అక్షరాన్నీ మార్చి చూస్తూ పోతే, ఉన్న ఆరు అవకాశాలూ అయిపోతాయి. అలా చేయకుండా, జవాబు కాదని తెలిసినా ‘ఫిల్మ్స్’ అన్న పదాన్ని ఒకసారి వేయాలి. ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగింటి సంగతీ ఒక్క దెబ్బతో తెలుస్తుంది. నాలుగూ లేవంటే ‘ఇనర్ట్’ వేస్తే ఎన్, ఇ, ఆర్ తేలిపోతాయి. అవీ లేకపోతే పైన చెప్పినవాటిలో మిగిలినది ‘టైట్’ ఒక్కటే. ఆట కఠిన పద్ధతిలో ఉంటే మాత్రం తెలిసిన అక్షరాలను వదలడానికి వీలుండదు కనుక ఈ ఉపాయం చెల్లదు.

పదం ఎనిమిది, తొమ్మిది అక్షరాలకు పెరిగితే పని కష్టమవుతుందని అనుకుంటాము గాని, నా లెక్కలో అది తేలికవుతుంది, ఎందుకంటే పొడుగు పదాలకు తెలిసిన తోకలుంటాయి. టి, ఐ, ఓ, ఎన్ ఉన్న తొమ్మిదక్షరాల పదం అడిగితే ఆ నాలుగింటినీ చివర పెట్టి, మిగిలిన ఐదు గళ్ళ గురించే ఆలోచించాలి. ‘ఎడ్యుకేషన్’, ‘అటెన్షన్’, ‘సిట్యుయేషన్’ అలా దొరికేవే.

కంప్యూటరుకు అప్పగించదలచుకుంటే పదాల పట్టిక ఒకటి, అందులోంచి కోరిన పదాలను ఏరి ఇచ్చే గ్రెప్ అనే ఆజ్ఞ ఒకటి చాలు. ఆ ఆజ్ఞలో ఒక చుక్క ఏదైనా ఒక అక్షరానికి గుర్తు; ఐదు చుక్కలకు ముందు ప్రారంభపు గుర్తైన ^ను, వెనుక ముగింపు గుర్తైన డాలరును పెట్టాలి, లేకపోతే ఐదుకు మించిన పదాలన్నీ కూడా వచ్చి పడతాయి. స్థానం తెలిసిన చోట చుక్కకు బదులు ఆ అక్షరాన్నే రాయాలి. స్థానం తెలియని అక్షరాలను ఒకే సూత్రంలో ఇరికించడం కన్నా, ముందు వచ్చిన ఫలితాన్ని మళ్ళీ జి కోసం, తరువాత హెచ్ కోసం, ఆపై టి కోసం జల్లెడ పట్టడమే సులువు. ఎక్సెల్ వాడేవారు లెన్ సూత్రంతో పొడవును లెక్కించవచ్చు. అయితే పదం వెనుక ఖాళీ ఒకటి మిగిలిపోతే దానిని కూడా అది అక్షరంగానే లెక్కిస్తుంది, కాబట్టి ట్రిమ్‌తో ముందు శుభ్రం చేయాలి.

పట్టిక ఏదన్నది కూడా చూసుకోవాలి. 2019 నాటి కాలిన్స్ స్క్రాబుల్ పట్టికలో 2,79,496 పదాలున్నాయి. వర్డిల్ తొలి జవాబుల పట్టికలో ఉన్నవి సుమారు 2,300 మాత్రమే, ఎస్ చేర్చిన మామూలు బహువచనాలు అందులో దాదాపు కనబడవు. అందుకే ‘ఫిల్మ్స్’ అక్కడ వెతకడానికి పనికివస్తుంది గాని, జవాబుగా వస్తుందని ఆశించకూడదు.