వైరస్ తీసేశాక కంప్యూటర్ ఆలస్యంగా తెరుచుకుంటోందా? నేను వెతికే వరుస ఇది

మాఘమాసం పెళ్లిళ్లకు ఇంకా పది రోజులుందనగా, తెనాలిలో మా వీధి చివర డీటీపీ సెంటరు నడిపే అక్క ఫోన్ చేశారు. "తమ్ముడూ, వైరస్ తీసేశామని చెప్పి వెళ్లారు. పొద్దున స్విచ్ వేసి, కల్లాపి చల్లి, ముగ్గు వేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంది. ఫార్మాట్ చేయించేయనా?" అని అడిగారు. నేను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దన్నాను. ఆ పెట్టెలో పదిహేనేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నాయి. తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేరును ఆమె వేళ్లకు అలవాటైనట్టు అమర్చి పెట్టారు, దాని డిస్కు ఎప్పుడో పోయింది. అలాంటి కంప్యూటరును ఫార్మాట్ చేయడమంటే ఆమె చేతికి వచ్చిన పనిని తీసేసుకోవడమే.

వైరస్ వచ్చిన దారి మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఒక కస్టమర్ ఫొటోల పెన్ డ్రైవ్ తెచ్చారు. తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపించాయి, ఆమె ఒకదాన్ని రెండుసార్లు నొక్కారు. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి స్థానంలో తన షార్ట్‌కట్‌లు పెట్టే చిన్న స్క్రిప్ట్ అది. నొక్కగానే కంప్యూటర్లోకి దిగుతుంది, ఆ తరువాత పెట్టిన ప్రతి పెన్ డ్రైవ్‌కూ అంటుకుంటుంది.

ముందు గడియారం పట్టుకోండి

ఇలాంటి కేసులో నేను మొదట తీసేది ఫోన్లోని స్టాప్‌వాచ్, ఒక కాగితం. "నెమ్మదిగా ఉంది" అన్న మాటతో ఏమీ తేలదు. మూడు సమయాలు విడివిడిగా రాసుకోవాలి: బటన్ నొక్కినప్పటి నుంచి పాస్‌వర్డ్ తెర వరకు, పాస్‌వర్డ్ కొట్టినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించే వరకు, అక్కడి నుంచి ఒక ఫోల్డర్ నొక్కితే వెంటనే తెరుచుకునే వరకు.

కొలిచేటప్పుడు షట్‌డౌన్ చేసి మళ్లీ వేయకండి, రీస్టార్ట్ చేయండి. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన కేంద్ర భాగాన్ని డిస్కు మీద దాచుకుని, మర్నాడు దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. రీస్టార్ట్‌లో అలా జరగదు, అంతా మొదటి నుంచి లేస్తుంది.

అక్క కంప్యూటర్లో వచ్చిన లెక్క ఇది: మొదటి భాగం 55 సెకన్లు, రెండోది 40 సెకన్లు, మూడోది 5 నిమిషాల 5 సెకన్లు. మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. ఎక్కడ వెతకాలో ఈ అంకెలే చెప్పాయి. మొదటి భాగమే సాగుతుంటే డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాములు), డిస్కు, లేదా తగిలించి వదిలేసిన యూఎస్‌బీ వస్తువులు కారణం కావచ్చు. మూడో భాగం సాగితే, లాగిన్ తరువాత ఒకేసారి లేచే ప్రోగ్రాములనో, వాటిని మోయలేని డిస్కునో అనుమానించాలి.

వైరస్ తీసిన వెంటనే ఒకటి రెండుసార్లు ఆలస్యమైతే కంగారు పడనక్కరలేదు. యాంటీవైరస్ మళ్లీ అన్నీ చూసుకుంటుంది, ఆగిపోయిన అప్‌డేట్లు దిగుతాయి. ఒక రోజు కంప్యూటరును వేసి ఉంచి, ఆ తరువాతే కొలవండి. అక్క వారం రోజులు ఓపిక పట్టారు కాబట్టి ఇక ఆగే పని లేదనుకున్నాను.

డిస్కు ఆరోగ్యం, ఫైళ్ల భద్రత

ఒకప్పుడు డిస్కును చివర్లో చూసేవాణ్ని. ఇప్పుడు అన్నిటికంటే ముందు చూస్తాను. ఎందుకంటే వైరస్ స్కాన్ అంటే డిస్కు మీద ఉన్న ప్రతి ఫైలునూ చదవడం. అప్పటికే అలసిపోయిన హార్డ్ డిస్కుకు అది పెద్ద బరువు. వైరస్ వల్లే నెమ్మదించిందని అందరూ అనుకుంటుండగా, లోపల డిస్కు చివరి రోజుల్లో ఉండటం నేను చాలాసార్లు చూశాను.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూడవచ్చు. పైన "గుడ్" అని నీలంగా ఉంటే సరే. "కాషన్" అని పసుపుగా ఉంటే కింద రెండు వరుసలు వెతకండి: 05 అన్నది చెడిపోయి పక్కన పెట్టిన సెక్టర్ల (డిస్కు మీద సమాచారం ఉండే చిన్న గడుల) లెక్క, సీ5 అన్నది చదవలేక అనుమానంలో ఉన్న సెక్టర్ల లెక్క. సున్నాలు కాకుండా ఏ అంకె కనిపించినా మిగతా పనులన్నీ ఆపి, ముందు ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. విండోస్ అలాంటి సెక్టరును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, ఆ కాసేపూ కంప్యూటర్ కదలదు.

అక్క డిస్కులో సీ5 దగ్గర సున్నా లేదు. పెట్టెకు చెవి ఆనిస్తే టిక్, టిక్ అని ఆగి ఆగి చప్పుడు వస్తోంది. ఆ సాయంత్రమంతా శుభలేఖల ఫోల్డరును బయటి డిస్కులోకి ఎక్కించడంతోనే గడిచింది. మిగిలిన పని మర్నాటికి పెట్టుకున్నాం.

వైరస్ నిజంగా పోయిందా?

విండోస్ సెక్యూరిటీలో "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్" తెరిచి, స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే సుమారు పావుగంట వెతుకుతుంది. నడుస్తున్న విండోస్‌లో దాక్కోగలిగినవి అక్కడ దాక్కోలేవు.

తరువాత అదే చోట సెట్టింగ్స్‌లో "ఎక్స్‌క్లూజన్స్" చూడండి. ఇది చాలామంది వదిలేస్తారు. తన ఫోల్డరును స్కాన్ చేయవద్దని వైరస్ అక్కడ రాసి పెట్టుకునే వీలుంది. మీరు పెట్టనిది ఏది ఉన్నా తీసేసి మళ్లీ స్కాన్ చేయండి. ఒకసారి తీసినది మళ్లీ మళ్లీ వస్తుంటే, లేదా పాస్‌వర్డులు దొంగిలించే రకమని తేలితే, ఫైళ్లు కాపాడుకుని విండోస్‌ను కొత్తగా వేసుకోమనే చెబుతాను. అక్కడ మొహమాటం వద్దు. అక్క కంప్యూటర్లో స్కాన్ ఏమీ లేదని చెప్పింది.

కాపలాదారులు ఎక్కువైతే

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో "స్టార్టప్ యాప్స్" చూస్తే ఏవేవి లేస్తున్నాయో, ఏది ఎంత బరువో తెలుస్తుంది. ఇక్కడ రెండు యాంటీవైరస్‌లు కనిపించాయి. ఒకటి పాతది, గడువు తీరినది. రెండోది వైరస్ తీయడానికి వచ్చిన వ్యక్తి వేసి వదిలేసిన ట్రయల్. ఒక ఫైలు తెరిస్తే ఇద్దరూ దాన్ని పట్టుకుని తనిఖీ చేస్తారు. పొద్దున్నే వందల ఫైళ్లు ఒకేసారి తెరుచుకునే వేళ అలసిన డిస్కు మీద ఇది ఎంత భారమో ఊహించండి.

రెండిటినీ సెట్టింగ్స్ నుంచి తీసేశాను, రీస్టార్ట్ చేశాక విండోస్ డిఫెండర్ తనంతట తానే మేల్కొంది. యాంటీవైరస్ మామూలుగా తీసేస్తే డ్రైవర్లు మిగిలిపోవచ్చు. అందుకే చాలా కంపెనీలు తమ సరుకును పూర్తిగా తొలగించే పనిముట్టును విడిగా ఇస్తాయి, దాన్ని ఆ కంపెనీ సైటు నుంచే దించుకోండి. మళ్లీ కొలిస్తే మొత్తం 3 నిమిషాల 50 సెకన్లు.

పోయినవాడి పేరు మీద మిగిలిన పనులు

ప్రతిసారీ డెస్క్‌టాప్ రాగానే ఒక చిన్న పెట్టె వచ్చేది. పైన "విండోస్ స్క్రిప్ట్ హోస్ట్" అని, లోపల ఫలానా స్క్రిప్ట్ ఫైలు దొరకలేదని ఉండేది. అక్క దాన్ని చూసి వైరస్ ఇంకా ఉందని భయపడుతున్నారు. నిజానికి ఆ ఫైలు పోయిందని చెప్పే సాక్ష్యమే అది. ఫైలును యాంటీవైరస్ తీసేసింది, "లాగిన్ కాగానే దీన్ని నడుపు" అన్న ఆదేశం మాత్రం విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీలో మిగిలిపోయింది. ఆ పెట్టె వల్ల పెద్దగా ఆలస్యం జరగదు. కానీ ఒక ఆదేశం మిగిలిందంటే ఇంకొన్ని కూడా మిగిలి ఉండవచ్చు.

వీటిని వెతకడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ కంటే మంచి పనిముట్టును నేను చూడలేదు. రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. పసుపు రంగు వరుస అంటే ఆదేశం ఉంది, ఫైలు లేదు. గులాబీ రంగు వరుసకు నమ్మదగిన సంతకం, అంటే తయారుచేసిన కంపెనీ వేసే డిజిటల్ ముద్ర, లేదు. గులాబీ అంతా వైరస్ కాదు, పాత తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్లకూ సంతకం లేకపోవచ్చు. గులాబీని చూసి తీసేస్తే మర్నాడు శుభలేఖ టైపు కాదు. ఏ వరుసనూ డిలీట్ చేయకండి, ముందున్న టిక్కు తీసి రెండు రోజులు చూడండి. తేడా వస్తే టిక్కు మళ్లీ పెడితే సరిపోతుంది.

ప్రోగ్రాము పేరు చూసి నమ్మకండి. స్క్రిప్టులను నడిపే డబ్ల్యూస్క్రిప్ట్ మైక్రోసాఫ్ట్‌దే, దానికి సంతకమూ ఉంటుంది. అది దేన్ని నడుపుతోందన్నది పక్కన రాసి ఉంటుంది, దాన్ని చదవండి. ఈ కంప్యూటర్లో "షెడ్యూల్డ్ టాస్క్స్" భాగంలో అలాంటిదే ఒకటి దొరికింది. పేరు చూస్తే ఏదో అప్‌డేట్ పని అనిపిస్తుంది. తెరిచి చూస్తే యాప్‌డేటా ఫోల్డరులోని (ప్రోగ్రాములు తమ సమాచారం దాచుకునే చోటు), ఇప్పుడు లేని స్క్రిప్టును నిమిషానికి ఒకసారి నడపమని ఉంది. వారం రోజులుగా నిమిషానికోసారి ఆ ఆదేశం లేస్తూ పడుతూ ఉందన్న మాట. దాని టిక్కూ తీశాను.

ఇంకో మూల నెట్‌వర్క్ సెట్టింగులు. "ప్రాక్సీ" తెరిచి చూస్తే 127.0.0.1 అని చిరునామా ఉంది. అంటే ఇంటర్నెట్ అడిగిన ప్రతిదాన్నీ ఈ కంప్యూటర్లోనే నడిచే ఇంకో ప్రోగ్రాము గుండా పంపమని అర్థం. ఆ ప్రోగ్రాము ఇప్పుడు లేదు. పొద్దున్నే ఇంటర్నెట్ కోసం తలుపు తట్టేవన్నీ జవాబు రాక నిలబడిపోతున్నాయి. ప్రాక్సీ ఆపేశాను. ఆఫీసు కంప్యూటరైతే మాత్రం అక్కడి సిస్టమ్స్ వాళ్లను అడగకుండా దీన్ని మార్చకండి.

ఇప్పుడు 3 నిమిషాల 10 సెకన్లు.

విండోస్ సొంత ఫైళ్లు పాడయ్యాయేమో కూడా చూశాను. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎస్ ఎఫ్ సి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, కుడివైపు వాలిన గీత, దానికి ఆనుకుని స్కాన్‌నౌ అని ఇంగ్లీషులో కొట్టాలి. పాడైనవి దొరికితే చాలావరకు తనే సరిచేస్తుంది. ఇక్కడ ఏమీ దొరకలేదు.

ఇంత చేసినా కారణం తేలకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో, మైక్రోసాఫ్ట్ కింద విండోస్, దాని కింద "డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్" తెరవండి. 100 సంఖ్య ఉన్న వరుసలో కంప్యూటర్ లేవడానికి పట్టిన సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. 101లో ఆలస్యం చేసిన ప్రోగ్రాము, 102లో డ్రైవరు, 103లో సర్వీసు పేరు ఉంటాయి. ప్రతిసారీ ఒకే పేరు కనిపిస్తే అక్కడ తవ్వండి. రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి వేగం తెచ్చిన కంప్యూటరును నేను చూడలేదు, అవి తీసేసిన వాటి కోసం వెతుక్కున్న రోజులు మాత్రం ఉన్నాయి.

చివరికి మిగిలింది డిస్కే. కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు) తెచ్చి పాత డిస్కును దానిలోకి క్లోన్ చేశాను. ఎలాగూ డిస్కు మార్చేటప్పుడు ఈ శుభ్రమంతా ఎందుకని అక్క అడిగారు. క్లోన్ అంటే ఉన్నదున్నట్టు దింపడం కదా, ఆ పనికిమాలిన ఆదేశాలూ ప్రాక్సీ కూడా కొత్త డిస్కులోకి వచ్చేవి. చెడ్డ సెక్టర్లు ఎక్కువగా ఉంటే క్లోన్ మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఫైళ్లు ముందే బయట పెట్టుకోవాలన్నాను.

ఎస్‌ఎస్‌డీ మీద మూడు భాగాలూ కలిపి 32 సెకన్లు. కీబోర్డు అమరిక చెక్కు చెదరలేదు. అక్క మొదట తెరిచింది సగంలో ఆగిపోయిన ఒక శుభలేఖ, సుముహూర్తం వరుసలో వేళ ఇంకా నింపలేదు. ఆమె దాన్ని టైపు చేస్తుండగా, మూడు సమయాలూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ పక్కన అంటించాను. నెలకోసారి రీస్టార్ట్ చేసి కొలిచి, కింద రాస్తూ ఉండమని చెప్పాను.