సగం ఫోన్‌లో, సగం క్లాసులో ఇంగ్లిష్

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంగ్లిష్ ట్యూషన్ చెప్పేవాళ్లకు ఒక మాట. గ్రామర్ వివరణతో క్లాసు టైం తినేయకండి, ముందురోజు రాత్రే ఐదు నిమిషాల ఆడియోగా వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి (వీడియో వద్దు, కొండ ఊళ్లలో సిగ్నల్ సంగతి తెలిసిందేగా). క్లాసంతా మాట్లాడించడానికే. తెలుగు పిల్లల పక్కన ఒడియా పిల్లల్ని జతగా కూర్చోబెట్టండి. మనవాళ్లు ‘ఎగ్’ని ‘యెగ్గు’ అంటారు, వాళ్లలో కొందరు ‘వెరీ’ని ‘బెరీ’ అంటారు, ఒకరి తప్పు ఇంకొకరికి ఇట్టే దొరికిపోతుంది, నవ్వుకుంటూనే దిద్దుకుంటారు. ఇంటికెళ్లాక అదే సంభాషణను వాయిస్ మెసేజ్‌గా పంపమనండి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వెబ్‌సైట్‌లో ఆరు నిమిషాల పాఠాలు ఉచితమే, కాకపోతే కాస్త పెద్ద పిల్లలకే ఇవ్వండి. ఫోన్ లేనివాళ్లను పది నిమిషాలు ముందు రమ్మని మీ ఫోన్‌లోనే వినిపించండి.